చేనేత చీరల దుకాణానికి వెబ్‌సైట్: డబ్బు పెట్టే ముందు ఏమేం తేల్చుకోవాలి?

ప్రశ్న: గుంటమగ్గం (మంగళగిరి)

మాది మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం. నాన్నగారి హయాం నుంచి నేత కుటుంబాలకు నూలు, జరీ ఇచ్చి నేయించి, విజయవాడ, గుంటూరు దుకాణాలకు టోకుగా వేస్తున్నాము. ఇంటి ముందు గదిలో కొద్దిగా చిల్లర అమ్మకం కూడా ఉంది. ఈమధ్య వాట్సాప్‌లో ఫోటోలు చూసి కొనేవారు పెరిగారు. అందుకు సంతోషమే కాని, పొద్దున లేచింది మొదలు అవే ప్రశ్నలకు జవాబులు చెప్పడంతోనే సరిపోతోంది. పూర్తి నూలా, పట్టు కలిసిందా? జాకెట్టు గుడ్డ ఉందా? రంగు ఫోటోలో కనిపిస్తున్నట్టే ఉంటుందా? హైదరాబాదుకు ఎన్ని రోజుల్లో వస్తుంది? అన్నీ చెప్పి ధర చెప్పాక సగం మంది మళ్లీ పలకరు.

అందుకే వెబ్‌సైట్ పెట్టుకుందామని ముగ్గురిని అడిగాము. ఒకరు 12 వేల రూపాయలకు ఐదు పేజీల సైటు చేసి, మొదటి పేజీలో కదిలే బొమ్మలు పెట్టి, డొమైన్ పేరు (సైటు చిరునామా) కూడా ఉచితంగా తామే తీసుకుంటామన్నారు. రెండో వారు 60 వేలకు పూర్తి ఆన్‌లైన్ దుకాణం కట్టిస్తామని, ఆపైన ఏడాదికి 15 వేలు నిర్వహణ ఖర్చు అవుతుందని చెప్పారు. మూడో ఆయన నెలనెలా చందా కట్టే రెడీమేడ్ వేదిక మీద చీరలను మీరే ఎక్కించుకోవచ్చు, నేను నేర్పిస్తానన్నారు.

మాకున్న సందేహాలు ఇవి. మొదటి పేజీలో ఏం ఉండాలి? తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? చెల్లింపు సైటులోనే జరగాలా, వాట్సాప్ చాలా? ఈ ముగ్గురిలో ఎవరి మాట నమ్మవచ్చు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: సైటుపని (విజయవాడ)

వెబ్‌సైట్లు కట్టడం నా వృత్తి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను. మీరు విసుగ్గా రాసిన ఆ నాలుగు ప్రశ్నలే మీ సైటుకు ప్రణాళిక. వాటికి జవాబు దొరకని సైటు ఎంత అందంగా ఉన్నా మీ ఫోను మోగడం ఆగదు, జవాబు దొరికే సైటు సాదాగా ఉన్నా అమ్ముతుంది. వచ్చే వారం రోజుల పాటు వాట్సాప్‌లో వచ్చే ప్రతి ప్రశ్ననూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఏ డిజైనరుతోనైనా ఆ పుస్తకం ముందు పెట్టుకునే మాట్లాడండి.

మొదటి పేజీలో కదిలే బొమ్మలు వద్దు. మీ కొనుగోలుదారులలో అత్యధికులు సైటును ఫోనులోనే చూస్తారు. ఆ చిన్న తెర మీద మొదటి బొమ్మ కదిలిపోయి రెండోది వచ్చేలోపే వారు కిందికి జరిపేస్తారు, అయినా ఆ బొమ్మలన్నిటి బరువు వారి డేటా మీదే పడుతుంది. దానికి బదులు ఒకే ఒక్క మంచి చీర ఫోటో, దాని కింద మీరెవరో చెప్పే ఒక వాక్యం, ఆ కింద ధరలతో సహా నాలుగు చీరలు, తెర అడుగున కదలకుండా ఉండే వాట్సాప్ బొత్తం ఉంటే చాలు. ఆ వాక్యంలో ‘మంగళగిరిలో మా మగ్గాల మీద నేయించి నేరుగా అమ్ముతాము, దేశమంతటా పంపుతాము’ అన్నంత విషయం ఉండాలి. ‘నాణ్యతకు మారుపేరు’ వంటి మాటలు ఏ ఊరి ఏ దుకాణమైనా రాసుకోగలదు.

ధర దాచకండి. ‘ధరకు సంప్రదించండి’ అని రాస్తే ఎక్కువ మంది సంప్రదించరు, సంప్రదించినవారిలో సగం మంది మీరన్నట్టే మాయమవుతారు. టోకు ధర వేరు కనుక దానికి వేరే పేజీ పెట్టి, దుకాణదారులను అక్కడి నుంచి నేరుగా మీతో మాట్లాడమనవచ్చు.

అసలు పనంతా చీర పేజీలో ఉంటుంది. ప్రతి చీరకూ విడి పేజీ ఉండాలి, ఎందుకంటే కొనేవారు అక్కకో స్నేహితురాలికో పంపి ‘ఇది ఎలా ఉంది’ అని అడిగేది ఆ పేజీ లింకుతోనే. ఫోటోలు మీ ఫోనుతోనే తీయవచ్చు. ఎండ నేరుగా పడని వసారాలో, ఫ్లాష్ లేకుండా, ట్యూబులైటు ఆర్పేసి, పగటి వెలుతురులో తీయండి. పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి, అది ఫోటోలో నీలంగానో పసుపుగానో కాక తెల్లగానే కనిపించేలా సరిచేస్తే చీర రంగు చాలావరకు నిజానికి దగ్గరగా వస్తుంది. ఒక్కో చీరకు కనీసం నాలుగు ఫోటోలు కావాలి: మడతలో ఒకటి, కొంగు పూర్తిగా పరిచి ఒకటి, అంచు మీద టేపు పెట్టి వెడల్పు తెలిసేలా ఒకటి, నేత కనిపించేంత దగ్గరగా ఒకటి. మంగళగిరి చీరల నిజాం అంచులో ఉండే చిన్న గోపురాల వరుస దగ్గరి ఫోటోలో తేటగా కనిపించాలి, మీ చీరను గుర్తుపట్టేవారు ముందు చూసేది దాన్నే. కట్టుకున్న ఫోటో కూడా ఉంటే ఇంకా మంచిది, మోడలే కానక్కరలేదు.

ఫోను తీసిన ఫోటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికే యుగం పడుతుంది. వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో రూపంలోకి మార్చి, 200 కేబీలోపు ఉండేలా కుదించమనండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన మంచి వేగపు కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ ఉచిత పరికరంలో ఎవరైనా కొలిచి చూడవచ్చు. మీకు ధర చెప్పిన ముగ్గురూ ఇంతకుముందు కట్టిన సైట్లను అందులో పెట్టి చూడండి. తరువాత వాటినే ఇంట్లోని పాత ఫోనులో, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో తెరవండి. ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నకు నేను చెప్పేదాని కంటే ఆ పరీక్షే మెరుగైన జవాబు ఇస్తుంది.

చెల్లింపు విషయంలో మాత్రం తొందర వద్దంటాను. చేనేతలో ఒకే రంగు, ఒకే అంచు ఉన్న చీరలు కొన్నే ఉంటాయి, అదే చీరను మీరు దుకాణంలోనూ అమ్ముతారు. సైటులో సరుకు లెక్క ఎప్పటికప్పుడు సరిచేసే మనిషి లేకపోతే, అమ్ముడైపోయిన చీరకు ఎవరో డబ్బు కట్టేస్తారు. మొదటి ఆరు నెలలు వాట్సాప్ బొత్తమే పెట్టండి. అది నొక్కగానే ఆ చీర పేరు, సంఖ్య సందేశంలో ముందే రాసి ఉండేలా చేయవచ్చు, అప్పుడు ‘పైనుంచి మూడోది, ఆకుపచ్చది’ అనే సంభాషణ తప్పుతుంది.

జవాబు: పడమటి అంచు (డల్లాస్)

నేను కొనే వైపు నుంచి చెబుతాను. మా ఇంట్లో శుభకార్యాలకు చీరలు ఇండియా నుంచే తెప్పిస్తాము. సైటు తెరవగానే నేను వెతికేవి మూడు: దుకాణం నిజంగా ఉందా, చీర కొలతలు ఉన్నాయా, నా చేతికి వచ్చేసరికి మొత్తం ఎంతవుతుంది. మొదటిదానికి మీ దుకాణం ముందు భాగం ఫోటో, మగ్గం మీద పని జరుగుతున్న ఫోటో, పూర్తి చిరునామా, మ్యాపు ఉంటే చాలు. ఇంటర్నెట్‌లో తీసుకున్న మగ్గం బొమ్మ పెడితే మాకు ఇట్టే తెలిసిపోతుంది, అదే బొమ్మ పది సైట్లలో చూసి ఉంటాము.

మూడోది ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. ఆ తరువాత ఒక సైటులో ‘విదేశాలకు ఉచిత రవాణా’ అని చూసి చీరలు తెప్పించుకుంటే, పార్శిల్ ఇంటికి వచ్చే ముందు సుంకం కట్టమని కొరియర్ సంస్థ నుంచి బిల్లు వచ్చింది. అడిగితే అది మీరే చూసుకోవాలని సైటువారు ఒక్క ముక్కలో తేల్చేశారు. సుంకం కట్టడానికి నాకు అభ్యంతరం లేదు, ముందే చెప్పకపోవడమే బాధ కలిగించింది. మీరు విదేశాలకు పంపదలచుకుంటే సుంకం ఎవరు భరించాలో ధర పక్కనే రాయండి. పంపే ఉద్దేశం లేకపోతే అదీ రాయండి, మేము విజయవాడలోని చుట్టాల చిరునామా ఇస్తాము.

ఇంకొక మాట. మా పగలు మీకు రాత్రి. మీరు నిద్రపోతున్న వేళ నాకు కలిగే సందేహానికి సైటే జవాబు చెప్పాలి, లేకపోతే నేను వేరే సైటుకు వెళ్లిపోతాను.

జవాబు: అక్షరాలపెట్టె (గుంటూరు)

భాష గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. మాది డీటీపీ, ముద్రణ పని.

రెండు భాషలూ కావాలి. మీ చీరలను వెతికేవారిలో చాలామంది ‘మంగళగిరి చీరలు’ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేస్తారు, బెంగళూరు, చెన్నైల వారికి తెలుగు పేజీతో పని లేదు. అయినా తెలుగు పేజీ దండగ కాదు. మన ఊళ్లలోని పెద్దవారు ఉతికే పద్ధతి, వాపసు షరతులు తమ భాషలో ఉంటేనే పూర్తిగా చదువుతారు. రెండూ ఒకే పేజీలో కలగలపకుండా ప్రతి భాషకూ విడి చిరునామా ఉన్న పేజీలు చేయించండి. ఒకే పేజీ మీద ఆటోమేటిక్ అనువాదపు బొత్తం పెట్టి ఊరుకునేవారు ఉన్నారు. ఆ అనువాదం అంచును, కొంగును ఏమని రాస్తుందో ఒకసారి చదివితే ఆ ఆలోచన మానుకుంటారు.

మీ దగ్గర పాత కరపత్రాలు, కేటలాగుల తెలుగు మాటర్ ఉంటే అది బహుశా ‘అను’ అనే పాత డీటీపీ ఫాంటులలో టైపు చేసినదై ఉంటుంది. దాన్ని అలాగే సైటులో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు మాటర్ మొత్తాన్ని బొమ్మగా మార్చి పెడతారు. చూడటానికి బాగానే ఉంటుంది కాని బొమ్మలోని మాటలు వెతుకులాటలో సరిగా దొరకవు, ఫోనులో పెద్దవి చేసుకుంటే మసకబారతాయి, చూపు లేనివారి ఫోను వాటిని చదివి వినిపించలేదు. అందుకని మాటర్‌ను యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా అక్షరాలు సరిగా కనిపించే పద్ధతిలోకి) మార్పించి, ఒత్తులన్నీ సరిగా వచ్చాయో లేదో ఎవరితోనైనా దిద్దించి పెట్టండి.

ఫాంటుకు డబ్బు పెట్టనక్కరలేదు. చదివే మాటర్‌కు మండలి గాని నోటో సాన్స్ తెలుగు గాని, శీర్షికలకు రామభద్ర గాని గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డిజైనరుకు తెలుగు రాకపోతే ఒక్క విషయం గట్టిగా చెప్పండి: మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఉంచితే ఒక వరుస ఒత్తు కింది వరుస గుడిని తగలకుండా ఉంటుంది.

తిరుగు జవాబు: గుంటమగ్గం

అందరికీ ధన్యవాదాలు. సైటుపని గారు చెప్పినట్టు పాత ఫోనులో పరీక్షించి చూశాము. 12 వేలు చెప్పినవారి పాత సైటు ఒకటి తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది, ఇంకొకటి అసలు తెరుచుకోలేదు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. డొమైన్ పేరు వారే ఉచితంగా తీసుకుంటామంటే అందులో ఇబ్బంది ఏమైనా ఉందా? వాపసు గురించి ఏమని రాయాలి? చీర తెరిచి, ఫంక్షనులో కట్టుకుని, తరువాత నచ్చలేదని పంపేవారు ఉంటారేమోనని మా నాన్నగారి భయం.

చీర వర్ణన కూడా ఒకటి రాసి చూశాను, ఎలా ఉందో చెప్పండి: ‘సంప్రదాయ సొబగులకు ఆధునికత జోడించి, నిపుణులైన నేత కళాకారులు మనసు పెట్టి నేసిన అద్భుతమైన మంగళగిరి చీర. ఏ వేడుకలోనైనా మిమ్మల్ని ప్రత్యేకంగా నిలబెడుతుంది.’

జవాబు: ఆడిటు గది (హైదరాబాద్)

డొమైన్ సంగతి ముందు. అది మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ డబ్బుతోనే కొనాలి. డాట్ ఇన్ పేరుకు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల దగ్గరే అవుతుంది. దాన్ని ఇంకొకరి ఖాతాలో ఉంచితే, రేపు వారితో మాట తేడా వచ్చిననాడు మీ చీరల సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్న పేరు వారి చేతిలో ఉంటుంది. నా ఖాతాదారులలో ఈ చిక్కులో పడ్డవారిని చూశాను, చివరకు వేరే పేరు కొనుక్కుని మొదటినుంచి మొదలుపెట్టారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ వెతుకులాటలో, మ్యాపులో కనిపించే మీ దుకాణం వివరాలు) విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం: యజమానిగా మీరు ఉండి, సైటు చేసేవారికి మేనేజరు హోదా మాత్రమే ఇవ్వండి.

చెల్లింపు విషయంలో సైటుపని గారితో నాకు ఏకీభావం లేదు. వాట్సాప్‌లో ‘పక్కన పెట్టండి, సాయంత్రం డబ్బు వేస్తాను’ అన్న చీరలు పండగ సీజనులో ఎన్ని రోజులు అలాగే పక్కన ఉండిపోతాయో మీకు తెలుసు. బండి నిండా సరుకు పెట్టాల్సిన పని లేదు, 20 చీరలకైనా సరే చెల్లింపు సైటులోనే పెట్టండి. డబ్బు కట్టినవారిదే చీర అన్న నియమం అందరికీ ఒకేలా వర్తిస్తుంది, మీకు లెక్కా తేలికవుతుంది. సైటులో చెల్లింపులు స్వీకరించి మీ ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వేలు సాధారణంగా 2 శాతం దగ్గర రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. దాన్ని ధరలో కలుపుకోండి కాని చివరి మెట్టులో అదనంగా చూపించకండి. చిరునామా, రవాణా, వాపసు, గోప్యత వివరాల పేజీలు ఉంటేనే వారు ఖాతాకు ఆమోదం ఇస్తారు కనుక అవి ముందే సిద్ధం చేసుకోవాలి.

ఆ పేజీలు గేట్‌వే కోసమే కాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలోపు తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. ‘ఈ చీరను ఇప్పుడే 14 మంది చూస్తున్నారు’ వంటి అబద్ధపు లెక్కలు రెడీమేడ్ డిజైన్లలో అమర్చి ఉంటాయి, వాటిని తీయించేయండి. అలాంటి కృత్రిమ తొందరను 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి.

వాపసు విషయంలో మీ నాన్నగారి భయం సబబే, దానికి ఉపాయమూ ఉంది. చీర కొంగుకు తీస్తే మళ్లీ అతకని ట్యాగు కట్టండి. ట్యాగు, మడత చెదరకుండా ఏడు రోజులలోపు పంపితే మార్పిడి చేస్తామని, ఫాల్ కుట్టించినా జాకెట్టు గుడ్డ కత్తిరించినా తీసుకోమని, నేతలో లోపం ఉంటే రవాణా ఖర్చు మాదేనని రాయండి. ఈ మూడు వాక్యాలు వాపసు పేజీలోనే కాక చీర పేజీలో ధర కిందనే ఉండాలి. ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మేటప్పుడు జీఎస్టీ నమోదు నియమాలు వేరు. మీరు టోకు వ్యాపారులు కనుక నమోదు ఇప్పటికే ఉండి ఉంటుంది, అయినా మీ ఆడిటరును ఒకసారి అడగండి.

జవాబు: సైటుపని (విజయవాడ)

ఆడిటు గది గారి మాట ఒప్పుకోవచ్చు, ఒక షరతు మీద: సైటులో పెట్టే ఆ 20 చీరలను దుకాణం అల్మరాలో విడి అరలో ఉంచి, చిల్లర గిరాకీకి చూపించకండి. అప్పుడు సరుకు లెక్క తప్పదు.

ఇక మీ వర్ణన. అందులో మంగళగిరి అన్న పేరు తీసేస్తే అది ఏ ఊరి చీరకైనా సరిపోతుంది, మీకు రోజూ వచ్చే ప్రశ్నలలో ఒక్కదానికీ జవాబు లేదు. ఇలా మార్చి చూడండి, కొలతలు మీ చీరను బట్టి సరిచేసుకోండి: ‘ముదురు ఆకుపచ్చ మంగళగిరి చీర. పడుగు, పేక రెండూ 80 కౌంటు నూలు, పట్టు కలవలేదు. రెండు వైపులా నాలుగు అంగుళాల నిజాం అంచు, కొంగులో జరీ చారలు. టెస్టెడ్ జరీ. చీర పొడవు 5.5 మీటర్లు, దానితోనే నేసిన జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లు. గుంట మగ్గం మీద మంగళగిరిలో నేసినది. మొదటిసారి విడిగా, చల్లటి నీటిలో ఉతకాలి. ఇదే రంగులో మూడు చీరలు ఉన్నాయి.’ జరీ టెస్టెడా, హాఫ్ ఫైనా (రెండూ అసలు వెండి జరీ కంటే చవక రకాలు) అన్నది తప్పక రాయండి. ధరలో తేడా ఎందుకు ఉందో కొనేవారికి అక్కడే అర్థమవుతుంది, అసలు జరీ అనుకుని కొన్నామన్న తగాదా రాదు. ఫోను తెరను బట్టి రంగులో స్వల్ప తేడా ఉండవచ్చన్న వాక్యం కూడా ఉండాలి కాని, అది సరిగా తీయని ఫోటోకు సాకు కాకూడదు.

అమ్ముడైన చీర పేజీని తొలగించకండి. ‘అమ్ముడైంది’ అని రాసి, అలాంటివే మరో రెండు చీరల లింకులు దాని కింద పెట్టండి. గూగుల్‌లో ఆ పేజీ దొరికి వచ్చినవారు ఖాళీ పేజీ చూసి వెనక్కి పోకుండా ఉంటారు.

ముగ్గురిలో ఎవరంటే, మీ పరిస్థితికి మూడో ఆయన పద్ధతే సరిపోతుందనిపిస్తోంది. నెలనెలా చందా భారమే, ఆ వేదిక మూతపడితే లేదా ధర పెంచితే మళ్లీ కదలాలి. అయినా డొమైన్ మీదైనప్పుడు, ఫోటోలు, వర్ణనలు మీ కంప్యూటరులో ఒక ప్రతి ఉన్నప్పుడు కదలడం కష్టం కాదు. 60 వేల సైటు చెడ్డదనడం లేదు. రోజుకు కొన్ని ఆర్డర్లు నిలకడగా వస్తూ, ఆ వేదికలో కుదరని అవసరం ఏదైనా ఎదురైనప్పుడు దాని సంగతి ఆలోచించవచ్చు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచిత సైటు కూడా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ సదుపాయాన్ని గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. ప్రొఫైల్ మాత్రం ఉచితంగానే ఉంది, సైటు సిద్ధమయ్యేలోపే దాన్ని పూర్తి చేయండి: దుకాణం వేళలు, సెలవు రోజు, ముందు భాగం ఫోటో. నరసింహస్వామి గుడికి వచ్చినవారు దగ్గరలో చీరల దుకాణాలు ఎక్కడని ఫోనులో వెతికితే ముందు కనిపించేది ఆ ప్రొఫైలే.

సైటు మొదలైన రోజే దాన్ని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేయించండి, అదీ ఉచితమే. ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీలు కనిపించాయో, ఎన్నిసార్లు నొక్కారో అందులో తెలుస్తుంది. ఆ మాటలలో మీ వర్ణనల్లో లేనివి ఏవైనా ఉంటే, అవి మీ చీరలకు నిజంగా వర్తించేవే అయితే, నెలకొకసారి కూర్చుని చేర్చుకుంటూ రండి.